అమ్మాయి చేతిలో డ్రమ్ము కర్రలు

"వదినా, నువ్వయినా చెప్పు దానికి. తొమ్మిదో తరగతి పిల్ల. వచ్చే ఏడు పబ్లిక్ పరీక్షలు. పొద్దున్నే అయిదింటికి లేచి బడి బ్యాండులో డ్రమ్ము కొడతానంటోంది. ఇంట్లో కంచాలూ, బల్లలూ ఏవీ వదలడం లేదు.. తలనొప్పి లేచిపోతోంది!"

పోయిన దసరా సెలవుల్లో మా మరదలు చిలకలూరిపేట నుంచి ఫోను చేసి మొత్తుకుంది. నేను నోరు తెరిచేలోపే మా మేనకోడలు ఫోను లాక్కుంది.

"అత్తా, మొన్న ఆగస్టు పదిహేనుకి ఏం జరిగిందో తెలుసా? మేం రోడ్డు మధ్యలో నడిచాం! ఆటోలు, లారీలు అన్నీ ఆగిపోయాయి!"

చదువు గురించి నాలుగు మంచి మాటలు చెబుదామనుకున్న దాన్ని, ఆ ఒక్క మాటకి నిలబడిపోయాను. రోడ్డు మధ్యలో! మనమే ఆలోచించి చూద్దాం. ఆడపిల్లకి మనం నడక ఎలా నేర్పుతాం? ఓరగా నడువు.. తల దించుకో.. గట్టిగా మాట్లాడకు.. సందు చివర మగపిల్లలుంటే అటు పోకు. పద్నాలుగేళ్ల పిల్ల ఊరి నడిరోడ్డు మీద, తలెత్తుకుని, నలుగురికీ వినబడేలా చప్పుడు చేసుకుంటూ నడిచే రోజు ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? ఒక్క బ్యాండులో ఉన్న పిల్లకే వస్తుంది. అదీ రెండుసార్లు.. ఆగస్టు పదిహేనుకి, జనవరి ఇరవై ఆరుకి.

ఆ సంగతి నాకు తెలుసు. ఎందుకంటే ఒకప్పుడు నేనూ నడిచాను.

ముందు కాళ్లు.. తర్వాతే కర్రలు

మాది చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య నల్లరేగడి పల్లెటూరు. వానపడితే మోకాలి దాకా దిగబడే నేల. పత్తి, మిరప తప్ప వేరే మాట వినబడని ఇళ్లు. నన్ను ఆరో తరగతిలో గుంటూరు ఆడపిల్లల హైస్కూల్లో వేసి, హాస్టల్లో ఉంచారు. ఎనిమిదో తరగతిలో బ్యాండుకి పిల్లల్ని ఎంచుతున్నారంటే, పొడుగ్గా ఉన్నానని మా డ్రిల్లు టీచరు నన్నూ వరసలో నిలబెట్టింది.

మా బ్యాండు మాస్టారు పోలీసు బ్యాండులో పనిచేసి రిటైరయిన పెద్దాయన. మొదటి రోజు డ్రమ్ములు ఇస్తారని ఎంత ఆశపడ్డామో! మూడు వారాల దాకా వాటిని ముట్టుకోనివ్వలేదు. "సావధాన్.. విశ్రామ్.. కదమ్ తాల్".. అంతే. కదమ్ తాల్ అంటే ఉన్నచోటే నిలబడి అడుగులు వేయడం. "ముందు కాళ్లు రావాలమ్మా. కాళ్లకి రాని దరువు చేతులకి రాదు" అనేవారు.

ఆ మాటలో ఎంత నిజముందో తర్వాత తెలిసింది. బ్యాండు నడక నిమిషానికి సుమారు 120 అడుగులు. పెద్ద డ్రమ్ము మీద దెబ్బ పడే వేళకి ఎడమ కాలు నేలమీద పడాలి. ఎడమ.. డమ్! ఎడమ.. డమ్! వందమంది పిల్లలు వెనక నడుస్తున్నా ఆ ఒక్క దెబ్బే అందర్నీ కలుపుతుంది. అందుకే పెద్ద డ్రమ్ము కొట్టే పిల్లకి తొందర ఉండకూడదు. భయం వేసినా, సంతోషం వేసినా దరువు పెంచకూడదు.

మలుపు తిరగడం ఇంకో పెద్ద విద్య. వరసకి నలుగురం. లోపలి పక్క పిల్ల దాదాపు ఉన్నచోటే అడుగులేస్తుంది. బయటి పక్క పిల్ల బారలు బారలుగా అంగలు వేయాలి. అయినా వరస గీత గీసినట్టు ఉండాలి. నాకు మాత్రం ఇది చెప్పగానే అర్థమైపోయింది. కళ్లంలో ఎడ్లతో తొక్కించడం చూసినదాన్ని కదా! రాటకి దగ్గరున్న ఎద్దు చిన్న అడుగులేస్తుంది, చివరి ఎద్దు ఉరుకుతుంది. ఇదే మాట మాస్టారితో అంటే ఆయన పకపకా నవ్వి, ఆ రోజు నుంచి మలుపు వచ్చినప్పుడల్లా "కళ్లం!" అని అరిచేవారు.

నాలుగోవారం కర్రలు ఇచ్చారు. సైడ్ డ్రమ్ము నడుముకి ఒక పక్కగా, వాలుగా వేలాడుతుంది. అందుకే కుడిచేతి కర్రని మామూలుగా పట్టుకుంటే, ఎడమచేతి కర్రని బొటనవేలి సందులో పడుకోబెట్టి పట్టుకోవాలి. డ్రమ్ము అడుగున తీగలుంటాయి. ఆ తీగల వల్లే 'ఝర్ర్' మని మోత వస్తుంది. మొదటి పాఠం పేరు 'డాడీ - మమ్మీ'. కుడిచేత్తో రెండు, ఎడమచేత్తో రెండు. డాడీ.. మమ్మీ.. డాడీ.. మమ్మీ.. ముందు నెమ్మదిగా, పోనుపోనూ వేగంగా. బాగా వేగం పెరిగితే రెండు చేతులూ కలిసిపోయి ఒకే జల్లులా వినబడుతుంది. నా ఎడమ చెయ్యి మహా మొండిది. మమ్మీ ఎప్పుడూ వెనకబడేది!

దసరాకి ఇంటికెళ్లినప్పుడు వసారాలో ఉన్న పత్తి బోరెం మీద సాధన చేశాను. మెత్తటి దాని మీద కొడితే కర్ర తిరిగి లేవదు. మణికట్టుతోనే లేపాలి. పది రోజుల్లో ఎడమ చెయ్యి దారికొచ్చింది. చప్పుడు రాదు కాబట్టి ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేదు. ఒకసారి మిరపకాయల టిక్కీ మీద కొట్టాను. ఆ ఘాటుకి ఇల్లంతా తుమ్ములే తుమ్ములు! అమ్మ చీపురు తీసుకుంది.

మా వరసలో నా కుడిపక్క నిలబడే అమ్మాయిది మా ఊరికి దగ్గరూరే. వాళ్ల నాన్న డప్పు కొట్టేవాడు. మాకు నెల పట్టిన పాఠం ఆ పిల్లకి రెండు రోజుల్లో వచ్చేసింది. "చిర్ర, సిటికెన పుల్ల పట్టుకున్న చేతులే. చావుకి కొట్టినా పెళ్లికి కొట్టినా మా నాన్నది ఇదే చెయ్యి" అని నవ్వేది. మా అందరికీ మాస్టారి తర్వాత మాస్టారు ఆ పిల్లే.

తెల్లదోమ ఏడు

అది 1987. మా వయసు రైతు బిడ్డలెవరినడిగినా ఆ ఏడు మర్చిపోయామనరు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ పడింది. ఆకులు జిగురెక్కి, జిగురు మీద మసి పట్టి చేలు నల్లగా మాడిపోయాయి. ఒకటికి పది మందులు కొట్టారు. కొట్టేకొద్దీ దోమని తినే మంచి పురుగులు చచ్చాయి గానీ, దోమ చావలేదు. చేతికి పంట రాలేదు, మందుల కొట్లో బాకీ మిగిలింది. ఆ 1987-88లో మన జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా పక్కూళ్లో ఒకాయన చేలో కొట్టాల్సిన మందు తనే తాగేశాడు. పెద్దవాళ్లు గుసగుసగా చెప్పుకున్నా పిల్లలకి అన్నీ తెలుస్తాయి.

డిసెంబరులో ఒకరోజు గ్రౌండులో సాధన చేస్తున్నాం. గేటు దగ్గర నాన్న. చేతిలో ఖాళీ సంచి. నా పెట్టె, పరుపు తీసుకెళ్లడానికి వచ్చాడని చూడగానే అర్థమైంది. హాస్టలు ఫీజు రెండు నెలలుగా కట్టలేదు. వరస వదిలి పోకూడదు కాబట్టి నేను కదల్లేదు. నాన్న వేపచెట్టు కింద కూలబడి చూస్తూ కూర్చున్నాడు. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. డాడీ - మమ్మీ, డాడీ - మమ్మీ..

సాధన అయ్యాక మాస్టారు నాన్న దగ్గరికెళ్లారు. ఏం మాట్లాడుకున్నారో పూర్తిగా తెలీదు. చివరి మాట మాత్రం నా చెవిన పడింది. "నలుగురి వరసలో మీ పిల్ల ఒక్కతి పోతే నాకు మిగిలేది ముగ్గురు కాదండీ, ఖాళీ. జనవరి ఇరవై ఆరు దాకా ఉంచండి. ఆ తర్వాత మీ ఇష్టం."

నాన్న ఖాళీ సంచితోనే తిరిగి వెళ్లిపోయాడు.

కర్ర జారిపోయింది

1988 జనవరి 26. గుంటూరు పోలీసు పరేడ్ గ్రౌండు. తెల్లబూట్లు కొనే స్తోమత లేక, సీనియరు వదిలేసిన పాత గుడ్డ బూట్లకి సుద్దముక్క రుద్ది రుద్ది తెల్లగా చేశాను. ముందు వెండిపూత కర్ర తిప్పుతూ డ్రమ్ మేజరు.. వెనక బ్యూగిళ్లు, ఫ్లూట్లు.. ఆ వెనక మేం. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. జనంలో ఎక్కడో అమ్మా, నాన్నా ఉన్నారని తెలుసు. ఆ పొద్దున మిరపకాయల కోతకి సెలవు పెట్టి, మండే చేతులకి కొబ్బరినూనె రాసుకుని మొదటి బస్సుకి వచ్చింది అమ్మ.

'కదమ్ కదమ్ బఢాయే జా' పాటకి కదిలాం. ఆజాద్ హింద్ ఫౌజు కోసం రామ్‌సింగ్ ఠాకూరి కట్టిన బాణీ అది. దేశంలో ఏ బడి బ్యాండుకైనా ఆ పాట వచ్చి తీరుతుంది. సగం దూరం బాగానే వెళ్లాం. మలుపు దగ్గరికొచ్చేసరికి నా కుడిచేతి కర్ర వేళ్ల మధ్య నుంచి జారి నేలమీద పడిపోయింది!

గుండె ఆగిపోయిందనుకోండి. వంగితే వెనక పిల్ల నా మీద పడుతుంది. ఆగితే వరస చెదురుతుంది. కుడిపక్క నుంచి, పెదవి కదలకుండా, ఆ పిల్ల మాట వినబడింది. "ఎడమ చేత్తో కొట్టు. కాలు తప్పొద్దు."

మొండి ఎడమ చెయ్యే ఆ రోజు నన్ను కాపాడింది. సగం దరువే కొట్టాను. మిగతా సగం వరసలో ముగ్గురూ నింపారు. గట్టు మీద కూర్చున్న పెద్ద ఆఫీసర్లకి ఏమీ తెలియలేదు. మాస్టారికి తెలిసింది. అంతా అయ్యాక తిడతారనుకుంటే, నా ఎడమ చెయ్యి పట్టుకుని "ఇవాళ నీకు బ్యాండు వచ్చిందమ్మా" అన్నారు.

నాన్న ఆ సాయంత్రం హాస్టల్లో ఏమీ మాట్లాడలేదు. బస్సెక్కే ముందు మాత్రం "పడిపోయినా ఆగలేదే నువ్వు" అన్నాడు. నాకు చెప్పాడో, తనకి తాను చెప్పుకున్నాడో.. మరో వారానికి ఒక ఎద్దుని అమ్మి నా ఫీజు కట్టాడు. నన్ను చదువు మాన్పించలేదు.

అప్పు ఆపలేదు.. పరువు ఆపింది

ఇక్కడితో అయిపోతే ఇది మంచి కథే. కానీ ఆ వేసవిలో నేను పెద్దమనిషినయ్యాను. మా నాయనమ్మ నట్టింట్లో కూర్చుని తీర్పు చెప్పేసింది.

"ఏందిరా, ఈడొచ్చిన పిల్లని నడిరోడ్డు మీద డోలు కొట్టుకుంటా తిరగమంటావా? రేపు దాన్ని చేసుకునేదెవరు? అయినా డప్పు కొట్టేదానికి మనిళ్లల్లో పిల్లలే దొరికారా? ఆ పని చేసేవాళ్లు వేరే ఉండారు!"

ఆ మాటలో ఆడపిల్ల మీద ఎంత చిన్నచూపుందో, కులం చూసి మనిషినీ, మనిషి చేసే పనినీ తక్కువ చేసే అహంకారమూ అంతే ఉంది. నాకు పాఠం నేర్పిన ఆ పిల్ల చెయ్యి గుర్తొచ్చి సిగ్గేసింది. కానీ నోరు మెదపలేకపోయాను. నా కోసం ఎద్దుని అమ్ముకున్న నాన్న, నా డ్రమ్ము కోసం వాళ్లమ్మకి ఎదురు చెప్పలేకపోయాడు. తెల్లదోమ ఆపలేని దరువుని నాయనమ్మ ఒక్క మాటతో ఆపేసింది. బడిలోనూ 'ఇంట్లోవాళ్లు వద్దన్నారు కదా' అని నా పేరు కొట్టేశారు. పదో తరగతి అయిపోయేదాకా వరండాలో నిలబడి చూసేదాన్ని. కాలు మాత్రం మాట వినేది కాదు. ఎడమ.. డమ్!

ఈ నేలకి కొత్తా ఇది?

'మన ఇళ్లల్లో ఇలాంటివి లేవు' అనే మాట అందరం వింటూనే ఉంటాం. తర్వాత్తర్వాత చదువుకుంటుంటే నవ్వొచ్చింది. కదం తొక్కడం మన జిల్లాలకి కొత్తేమిటి? 1921లో చీరాల-పేరాల ఉద్యమంలో పన్నులు కట్టబోమని వేలమంది ఇళ్లు ఖాళీ చేసి, ఊరి బయట రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని పదకొండు నెలలున్నారు. ఆ ఉద్యమాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య తీర్చిదిద్దిన 'రామదండు' క్రమశిక్షణకి పేరుపడ్డ సేవాదళం. అదే ఏడు బెజవాడలో జరిగిన కాంగ్రెస్ సమావేశానికి వచ్చిన జనసముద్రాన్ని అదుపు చేసిందీ ఆ దళమే.

ఊది వాయించే వాద్యాలు ఆడవాళ్లకి పట్టవన్న మాటా అంతే. నాదస్వరంలో దేశమంతా పేరు తెచ్చుకుని, 1998లో సంగీత కళానిధి అయిన షేక్ చినమౌలానా మన ప్రకాశం జిల్లా కరవది ఆయనే. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు. భర్త పక్కన సమానంగా కూర్చుని, అంత పొడుగు నాదస్వరాన్ని గంటల తరబడి ఊదే కాలీషాబీకి ఊపిరి చాలలేదని ఎవరైనా అనగలరా? 2021లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ఇచ్చారు.

అంతెందుకు, ప్రతి బ్యాండూ చివర్లో వాయించే 'జనగణమన' సంగతే చూడండి. 1919లో రవీంద్రుడు మదనపల్లె వచ్చినప్పుడు ఆ పాట బాణీకి స్వరలిపి కూర్చింది మార్గరెట్ కజిన్స్ అనే ఐరిష్ మహిళ. ఆ 52 సెకన్ల పాట వెనక ఒక ఆడమనిషి చెవి ఉందన్నమాట.

అన్నిచోట్లా గుమ్మం బయటే

అమెరికాలాంటి దేశంలోనయినా మొదటినుంచీ రానిచ్చారనుకుంటున్నారా? లేదు. అక్కడ పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల మార్చింగ్ బ్యాండులు చాలాకాలం మగపిల్లలకే. చదువుల్లో ఆడ, మగ తేడా చూపకూడదని 1972లో చట్టం వచ్చాక గానీ తలుపులు తెరుచుకోలేదు. మిషిగన్ విశ్వవిద్యాలయం బ్యాండులోకి 1972లో, ఒహాయో స్టేట్ బ్యాండులోకి 1973లో అమ్మాయిలు అడుగుపెట్టారు.

ఇప్పుడో? మా బ్యాండులో ఫ్లూటు ఊదిన స్నేహితురాలు టెక్సాస్‌లో స్థిరపడింది. వాళ్లమ్మాయి హైస్కూలు బ్యాండులో ఉంది. ఆగస్టు ఎండలో, బడి తెరవకముందే రోజూ గంటల తరబడి సాధనట. అక్కడ మార్చింగ్ బ్యాండులో ఉంటే దాన్ని వ్యాయామ విద్యకి బదులుగా లెక్కిస్తారు. "మనం 'చదువు పోతుంది' అనే దాన్ని వీళ్లు చదువులోనే వేసి లెక్కపెడుతున్నారే!" అని అది నవ్వింది.

మన దేశంలోనూ గాలి మారుతోంది. బీహార్‌లో పట్నా దగ్గర ఢిబ్రా గ్రామంలో సుధా వర్గీస్ ప్రోత్సాహంతో దళిత మహిళలు 'నారీ గుంజన్ సర్గమ్' అనే బ్యాండు పెట్టుకున్నారు. కూలి పనులు చేసుకునే ఆ ఆడవాళ్లు మొదట ఇంటా బయటా నవ్వులపాలయ్యారు. తర్వాత పెళ్లిళ్లకి వాళ్లనే పిలవడం మొదలైంది. 2024 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీ పోలీసుల పూర్తి మహిళా బ్యాండు కర్తవ్యపథ్‌లో మొట్టమొదటిసారి నడిచింది. 2025లో ఝార్ఖండ్‌లోని పటమ్‌దా కస్తూర్బా బాలికా విద్యాలయం అమ్మాయిల పైపు బ్యాండు అదే చోట వాయించింది. కస్తూర్బా బడులంటే తెలుసుగా.. చదువుకి దూరమైన పేదింటి ఆడపిల్లల కోసం పెట్టినవి. మన పల్నాడులోనూ, ప్రకాశంలోనూ ఉన్నాయి. పటమ్‌దా పిల్లలకి సాధ్యమైంది మన పిల్లలకి కాదా?

బాధేమిటంటే, మనవైపు అసలు గ్రౌండే లేని బడులు ఎక్కువైపోయాయి. అపార్టుమెంటులాంటి భవనంలో పొద్దుటి నుంచి రాత్రి దాకా పిల్లల్ని కూర్చోబెట్టేస్తే కదమ్ తాల్ ఎక్కడ చేస్తారు? మా మేనకోడలి బడికి గ్రౌండుంది, బ్యాండుంది. అది అదృష్టం. ఆ అదృష్టాన్ని మనమే లాగేసుకోవడం ఎందుకు?

మరదలితో మాట్లాడాను

ఫోనులో తేలే సంగతి కాదని ఆదివారం చిలకలూరిపేట బయల్దేరాను. మా మరదలు చెడ్డది కాదండీ. దాని భయాలు దానివి. వంటింట్లో కూర్చుని ఒక్కొక్కటే బయటికి తీసింది. మార్కులు తగ్గుతాయి. ఎండకి నల్లబడుతుంది. రోడ్డు మీద ఎవడైనా ఏదైనా అంటే? నెలసరి రోజుల్లో బరువు మొయ్యడమెలా? చివరికి అసలు మాట వచ్చింది. "పెద్దపిల్లయింది వదినా. నలుగురూ ఏమనుకుంటారు?"

మా నాయనమ్మ గొంతే! ముప్పై ఏడేళ్ల తర్వాత, ఇంకో మనిషి నోట్లోంచి. నాకు కోపం రాలేదు. జాలేసింది.

మరదలికి నా కర్ర పడిపోయిన కథ చెప్పాను. ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. "చూడూ.. పెళ్లయ్యాక నాకు ఎన్నిసార్లు చేతిలో కర్ర జారిపోయిందో నీకు తెలుసు. మీ అన్నయ్య మంచాన పడ్డప్పుడు, కొట్టు మూతపడ్డప్పుడు.. ఆగకుండా ఎలా నడిచావని అందరూ అడిగారు. నాకు తెలిసిందల్లా ఒకటే. వంగి ఏడుస్తూ కూర్చుంటే వరస చెదిరిపోతుంది. మిగిలిన చేత్తో కొట్టాలి. మిగతా సగం పక్కవాళ్లు నింపుతారు. ఇది నాకు ఏ పాఠం పుస్తకంలోనూ దొరకలేదు. మీ పిల్లకి ఇది నేర్చుకునే చోటు దొరికింది. తీసేయకు" అన్నాను.

మరదలు చాలాసేపు మాట్లాడలేదు. మిరపకాయల తొడిమలు తీస్తూనే ఉంది. కాసేపటికి "అయిదింటికి బడి దాకా ఒక్కతే వెళ్లకూడదు. దింపడానికి వాళ్ల నాన్న వెళ్లాలి. గణితంలో మార్కులు తగ్గితే మాత్రం ఊరుకోను" అంది. అంటే ఒప్పుకున్నట్టే కదా! తలుపు చాటునుంచి వింటున్న మా మేనకోడలు వెంటనే గుమ్మం మీద మోగించేసింది. డాడీ - మమ్మీ, డాడీ - మమ్మీ..

ఇది ఏడాది మాటే. పదో తరగతిలోకి వచ్చాక మళ్లీ పంచాయితీ తప్పదని నాకు తెలుసు. అప్పుడు మళ్లీ బస్సెక్కుతాను.

ఈ జనవరి 26కి ఆ బడి గేటు ఎదురుగా నిలబడ్డాను. పక్కనే మా మరదలు. బ్యాండు మలుపు తిరిగి నడిరోడ్డు మీదికి వచ్చింది. మా పిల్ల రెండో వరసలో ఎడమ చివర. మమ్మల్ని చూసింది గానీ నవ్వలేదు, తల తిప్పలేదు. బ్యాండు నేర్పిన పద్ధతి అది! పక్కకి చూద్దును కదా.. మా మరదలి ఎడమ కాలు చెప్పులోనే తాళం వేస్తోంది.

మీ ఇంట్లోనూ బ్యాండుకి వెళ్తానని మారాం చేసే అమ్మాయి ఉందా? 'పెద్దపిల్లవయ్యావు' అని కర్రలు లాక్కునే ముందు ఒక్కసారి ఆ పిల్ల నడిచే రోజున వెళ్లి రోడ్డు పక్కన నిలబడండి. ఆ తర్వాత మీ ఇష్టం.

మీ అమ్మాయి బ్యాండులో ఉంటే..

(నా కుడిపక్క నిలబడి కాలు తప్పొద్దన్న ఆ స్నేహితురాలు తర్వాత వ్యాయామ ఉపాధ్యాయిని అయింది. ఎన్నో ఏళ్లుగా ఆడపిల్లలకి బ్యాండు నేర్పుతోంది. తల్లులకి తను చెప్పే మాటలివి.)

* ఖాళీ కడుపుతో పొద్దుటి సాధనకి పంపొద్దు. రెండు ఇడ్లీలో, అరటిపండో పెట్టండి. మంచినీళ్ల సీసా తప్పనిసరి. కళ్లు తిరిగి పడిపోయే పిల్లల్లో ఎక్కువమంది ఏమీ తినకుండా వచ్చినవాళ్లే.

* ఇంట్లో సాధనకి దిండు గానీ, మడతపెట్టిన దుప్పటి గానీ ఇవ్వండి. మణికట్టుకి బలం వస్తుంది. మీకు తలనొప్పీ ఉండదు.

* డ్రమ్ము పట్టీ భుజాన్ని కోస్తుంటే కింద మెత్తటి గుడ్డ మడిచి పెట్టండి. సన్నగా, చిన్నగా ఉన్న పిల్లకి పెద్ద డ్రమ్ము తగిలించవద్దని టీచరుతో చెప్పండి.

* బ్యూగిలు, ఫ్లూటు ఒకరు ఊదింది ఇంకొకరు ఊదేముందు నోరు పెట్టే చోట కడిగి తుడవాలి. జలుబు, దగ్గు ఉన్న రోజున ఊదవద్దు.

* బూట్లు బిగుతుగా ఉంటే బొబ్బలెక్కుతాయి. నూలు మేజోళ్లు వేయండి. కొత్త బూట్లు పరేడు రోజునే మొదటిసారి తొడగొద్దు. వారం ముందు నుంచీ అలవాటు చేయండి.

* నెలసరి రోజుల్లో నొప్పి లేకపోతే సాధన చేయొచ్చు. ఇబ్బందిగా ఉంటే డ్రమ్ము బదులు ట్రయాంగిల్‌లాంటి తేలికపాటిది ఇవ్వమని టీచరుని అడగడానికి అమ్మాయికి ధైర్యం చెప్పండి. దాచుకోవాల్సిన సంగతేమీ కాదు.

* బడిలో బ్యాండు లేకపోతే పదిమందితోనే మొదలుపెట్టొచ్చు. నాలుగయిదు సైడ్ డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము, ఒక జత తాళాలు, ఒక ట్రయాంగిల్.. నడక నేర్పడానికి ఇవి చాలు. ఊదే వాద్యాలు తర్వాత చేర్చుకోవచ్చు. నేర్పేవాళ్ల కోసం దూరం వెతకొద్దు. మీ ఊళ్లో రిటైరయిన పోలీసు, సైనిక బ్యాండు వాళ్లున్నారేమో అడగండి. డప్పు కొట్టే చేతులూ ఉంటాయి. వాళ్లనీ బడికి పిలవండి.